నేను టీ పొయ్యని అక్టోబరు

ఆ ఏడు లువాంగ్వా నదికి వరద ఆలస్యంగా తీసింది. వరద తీసేదాకా అడవి జంతువుల పార్కులోకి లారీ రాదు, లారీ రానిదే గడ్డి మోపులు రావు, గడ్డి రానిదే మా ఆయనకు పని లేదు. అతిథులు దిగే మా క్యాంపును ఏటా నవంబరులో ఊడబీకి, మే నెలలో మళ్ళీ కట్టేవాళ్ళు. ఆరు గదులు, ఒక వంటపాక, అన్నీ గడ్డీ రెల్లూ. కప్పులు నేసేది మా ఆయన. నడిచి అడవి చూడ్డానికి వచ్చే అతిథుల వెనకాల టీ బుట్ట మోసేది నేను. అప్పటికి పదకొండేళ్ళుగా మోస్తున్నాను.

మా పెద్దమ్మాయి పేరు లోంబే. అందుకని అందరికీ నేను బనా లోంబేని, లోంబే తల్లిని. ఆయన బషి లోంబే. మేం ఒకరినొకరం పిలుచుకునేదీ అలాగే.

నడకలో వరస ఎప్పుడూ ఒకటే. ముందు తుపాకీతో ప్రభుత్వ స్కౌటు, ఆయన వెనక గైడు, తర్వాత అతిథులు, అందరికంటే ఆఖర్న టీ బుట్ట. బుట్టలో కెటిల్, కప్పులు, గుడ్డలో చుట్టిన కేకు. ఆఖర్న నడిచే మనిషికి అందరి వీపులూ తెలుస్తాయి. ఎవరి పిక్కలు వణుకుతున్నాయో, ఎవరు దారి వదిలేసి చెట్ల మీదే చూస్తున్నారో నాకు తెలిసినట్టు గైడుకు తెలియదు. ఇంకో లాభం కూడా ఉంది. వరస వస్తుంటే పిట్టలు లేచిపోతాయి. దాటిపోయిందనుకుని మళ్ళీ కొమ్మల మీదికి దిగుతాయి. అవి దిగే వేళకు వాటి కింద ఉండేదాన్ని నేనొక్కదాన్నే. పదకొండేళ్ళు ఆ అడవిలో పిట్టల్ని నేను చూసినట్టు ఎవరూ చూసి ఉండరు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

జూన్ మొదటి వారంలో జర్మనీ నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. పిట్టల కోసమే వచ్చారు. సింహం అడ్డమొచ్చినా కాస్త పక్కకు తప్పుకోమనేలా ఉన్నారు. రెండో రోజు పొద్దున గైడు జైలోసి ఎండిన చెట్టు చిటారు కొమ్మ చూపించి, అది డేగ అన్నాడు. ఆ పెద్దావిడ బుద్ధిగా రాసుకోబోయింది.

"గొంతు మీద నల్లగీత ఉంది. అది తొండల్ని తినే గద్ద," అన్నాను.

అనాలని అనలేదు, నోరు జారింది. ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగి, కెమెరాలో ఫొటో పెద్దది చేసి చూసుకుంది. తెల్లటి గొంతు మీద నిలువుగా బొగ్గుతో గీసినట్టు నల్లగీత. ఆవిడ దాన్ని మొగుడికి చూపించింది, స్కౌటు కబాసోకి చూపించింది, చివరికి జైలోసికీ చూపించింది. జైలోసి నవ్వాడు. ఆ నవ్వు క్యాంపు చేరేదాకా అలాగే అతికించుకుని నడిచి, వంటపాక వెనక నన్ను పట్టుకున్నాడు.

"టీ బుట్టకి నోరుండదు, బనా లోంబే. మూత తెరిస్తే ఈగలు పడతాయి."

"తప్పు చెబితే చూస్తా ఊరుకోమంటావా?"

"ఊరుకోమనే అంటున్నా. నేను గైడుని. నువ్వు కేకు ముక్కలు కొయ్యి."

జైలోసి చెడ్డవాడు కాదు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, పరువు పోయిన మంట మీదున్నాడు. అసలు దెబ్బ అదే మధ్యాహ్నం తగిలింది. క్యాంపు నడిపే డెలియా పనివాళ్ళందర్నీ చింతచెట్టు కిందకి పిలిచింది. డెలియా అక్కడే పుట్టిన తెల్లావిడ, మా భాష మాకంటే గట్టిగా మాట్లాడుతుంది.

"వచ్చే ఏటి నుంచి నడకలో టీ బుట్ట ఉండదు. గైడు సంచిలోనే ఫ్లాస్కు పెట్టేస్తాం. మిగతా క్యాంపులన్నీ అలాగే చేస్తున్నాయి. బనా లోంబే, నీకు బట్టలుతికే దగ్గర చోటు చూస్తాను."

తలూపాను. ఆ మాట కడుపులోకి దిగటానికి కాస్త టైము పట్టింది. పార్కులో మాబోటివాళ్ళు ఊరికే నడవటానికి లేదు. పనుంటేనే వెళ్ళాలి. నాకు అడవిలోకి దారి ఆ బుట్టొక్కటే. అది పోతే నా అడవి బట్టలారేసే తీగ దాకా. ఉతికిన దుప్పట్ల మీద రెట్ట వేసిన పిట్టను చూసి ఇది ఫలానా అనుకోవటం తప్ప ఇంకేం మిగలదు.

సాయంత్రం డెలియా దగ్గరికి వెళ్ళి గైడు పరీక్షకు నా పేరు రాయమన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "నువ్వెంతవరకు చదివావు?"

"ఏడు."

"రాత పరీక్షలో మూడొందల పిట్టల పేర్లు ఇంగ్లీషులో అడుగుతారు. ఆ తర్వాత నడక పరీక్ష. అది సీజనుకు రెండుసార్లే, సెప్టెంబరులో ఒకటి, నవంబరులో ఒకటి. ఆడవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు మొత్తం ఈ లోయకంతా."

"నాకు రెండుసార్లు చాలు," అన్నాను.

జర్మనీ ఆవిడ వెళ్ళేరోజు తన పిట్టల పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్ళింది. అంచులు నలిగిపోయి, మధ్యలో కాఫీ మరకతో ఉంది. మా ఇంట్లో బైబిలు తర్వాత అదే పుస్తకం.

మా ఆయనకు ఈ గొడవ నచ్చలేదు. మధ్యాహ్నాలు అతిథులు నిద్రపోయే వేళ ఆయన గడ్డి కట్టలు విడదీస్తూ కూర్చునేవాడు, నేను పక్కన పుస్తకం వేసుక్కూర్చునేదాన్ని.

"ముందు నడిచేవాళ్ళ మీదికే ఏదైనా ముందొస్తుంది," అన్నాడు.

"నువ్వు కప్పు మీంచి రెండుసార్లు పడ్డావు. నేనేమన్నా అన్నానా?"

"అన్నావు. నెల్రోజులు అన్నావు."

"సరే, నువ్వూ నెల్రోజులు అను. ఆ తర్వాత ఊరుకో."

లెక్క ప్రకారం నెల్రోజులూ అన్నాడు. తర్వాత ఒకరోజు గడ్డి పక్కకు నెట్టి, పుస్తకం తన ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆయనకు చదువు రాదు. బొమ్మ కింద పేరున్న చోట బొటనవేలు పెట్టి మూసి, "ఇదేంటి?" అన్నాడు. చెప్పాను. పేజీ తిప్పాడు. మళ్ళీ చెప్పాను. అలా నలభయ్యో యాభయ్యో అయ్యాక ఒక కౌజుపిట్ట బొమ్మ దగ్గర ఆగి, "తప్పు," అన్నాడు.

"తప్పని నీకెట్లా తెలుసు? చదవగలవా?"

"చదవలేను. నువ్వు అబద్ధమాడేటప్పుడు గొంతు సన్నబడుద్ది. ఇరవయ్యేళ్ళుగా వింటున్నా."

బొటనవేలు తీసి చూస్తే నిజంగానే తప్పు. ఆ రోజు నుంచి ఆయనే నాకు మేష్టరు. ఆగస్టులో రాత పరీక్ష గట్టెక్కాను. మూడొందల్లో పదకొండు పోయాయి. ఆ పదకొండూ ఏమిటో ఇప్పటికీ నాకు గుర్తే.

నడక పరీక్ష సెప్టెంబరు మూడో వారంలో పడింది. అప్పటికి నది సగానికి సగం తగ్గిపోయి, నిటారుగా తెగిన ఒడ్డుల్లో ఎర్ర పసిరికపిట్టలు వేలకొద్దీ బొరియలు తవ్వుకుంటున్నాయి. పరీక్ష పెట్టే ఆయన పేరు ముకుపా. పార్కులో వార్డెనుగా చేసి రిటైరయ్యాడు. పొట్టి మనిషి, పెద్ద పొట్ట, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. అతిథి వేషంలో మా వెంట నడుస్తాడు. తోడుగా ఇంకో క్యాంపు నుంచి ఇద్దరు. మామూలుగా ముందు స్కౌటు కబాసో, వెనక నేను. ఆఖర్న టీ బుట్టతో బట్టలుతికే సిముషి.

బయల్దేరబోతూ ముకుపా, "నీది ఏ వంశమమ్మా?" అని అడిగాడు.

"పుట్టగొడుగు వంశం."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఓరి దేవుడా! నాది వాన వంశం."

అందరూ గొల్లుమన్నారు. మా వైపు ఈ రెండు వంశాలకూ పాత చుట్టరికం. వాన వాళ్ళు మమ్మల్ని ఏమన్నా అనొచ్చు, మేమూ వాళ్ళని అనొచ్చు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. వాళ్ళు అడిగింది మేం కాదనకూడదు, మేం అడిగింది వాళ్ళు కాదనకూడదు. మాలో ఎవరైనా పోతే గొయ్యి తవ్వి పాతిపెట్టేదీ వాళ్ళే, ఆ గొయ్యి దగ్గర నిలబడి వేళాకోళం చేసేదీ వాళ్ళే. బావామరదళ్ళ సరసం లాంటిదే, కాకపోతే పెళ్ళి గొడవ ఉండదు.

"నేను కురవకపోతే నువ్వెక్కడ మొలుస్తావే?" అన్నాడు.

"నువ్వు కురిస్తే బురద. జనం వండుకు తినేది మమ్మల్ని," అన్నాను.

నడక బాగా సాగింది. పాలపిట్ట దగ్గర ఆపి చెప్పాను, తీతువు ఎందుకు అరిచిందో చెప్పాను, ఇసకలో చిరుత అడుగులు ఎంతసేపటివో చెప్పాను. ముకుపా పెన్సిలుతో రాసుకుంటున్నాడు. జైలోసి ఇదంతా చూస్తే బాగుండుననుకున్నాను. గొప్పకు పోతే ఇంతే మరి.

తొమ్మిదింటికి ఒడ్డున చింతచెట్టు కింద టీకి ఆగాం. సిముషి దుప్పట్లు ఎంత బాగా ఉతుకుతాడో టీ అంత ఘోరంగా పెడతాడు. కెటిల్ వంచాడు, సగం కప్పులోనూ సగం చెప్పు మీదా పడింది.

"పుట్టగొడుగూ!" అని అరిచాడు ముకుపా. "వానకే దాహమేస్తుంటే నువ్వు చూస్తా నిలబడ్డావా? ఏం చుట్టరికమే నీది? రా, నీ చేత్తో పొయ్యి."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చేతికర్ర చెట్టుకు ఆనించి, కెటిల్ దగ్గర గొంతుక్కూర్చున్నాను. వాన వంశం వాడు అడిగాక కాదనటం మా ఇంటా వంటా లేదు. పైగా టీ పొయ్యటం పదకొండేళ్ళ అలవాటు. నాలుగు కప్పులు, ఒక్క చుక్క ఒలకకుండా పోశాను.

అయిదో కప్పు పోస్తుంటే కబాసో నాలిక టక్కుమనిపించాడు. తలెత్తి వెనక్కి చూశాను. నా వీపు వెనక, ముప్పై అడుగుల్లో, రెండు ఆడ ఏనుగులు పిల్లతో సహా పొద చీల్చుకుని నిలబడి ఉన్నాయి. అందరూ నా వంక చూస్తున్నారు, ఏం చెయ్యమంటావన్నట్టు. నా చేతిలో కప్పు ఉంది. కర్ర ఎక్కడో ఉంది. కబాసోనే చెయ్యూపి అందర్నీ చెట్టు చాటుకు తీసుకుపోయాడు. ఏనుగులు మమ్మల్ని చూసీ చూడనట్టు నీళ్ళలోకి దిగిపోయాయి. ఏమీ జరగలేదు.

ముకుపా టీ తాగి, కప్పు బోర్లించి, "గైడు వీపు అడవికి పెట్టకూడదమ్మా," అన్నాడు. ఆ మాటలో వేళాకోళం లేదు. కాయితం మీద ఏదో రాసి మడత పెట్టాడు. తప్పానని తెలియటానికి అది చదవక్కర్లేదు.

క్యాంపుకు వచ్చి ఏడ్చాను. సిగ్గుతో కొంత, ఎక్కువగా కోపంతో. తిట్టుకోవటానికైనా వీల్లేని మనిషి మీద కోపమొస్తే అది ఎటూ పోదు, లోపలే ఉడుకుతుంది.

"వాడే పిలిచాడు. వాడే తప్పించాడు," అన్నాను మా ఆయనతో.

"వదిలెయ్, బనా లోంబే. దుప్పట్లు మాత్రం ఏం చేశాయి? నీడపట్టున పని."

ఆ మాటకి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. సంకటి ముద్ద కంచంలో పెట్టి, కంచం ముందుకు తోసేదాన్ని. ఎండుచేప పులుసు ఎలా ఉందని ఆయనే అడిగి, బాగుందని ఆయనే జవాబు చెప్పుకునేవాడు.

మూడో రోజు కబాసో తుపాకీ తుడుచుకుంటూ కూర్చుంటే ఆయన దగ్గరికి పోయాను. కబాసో రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

"అన్నా, నాకు రానిదేంటి?"

"నడక వచ్చు. పిట్టలొచ్చు. మనుషుల్ని చూసుకోవటం అందరికంటే బాగా వచ్చు." గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూశాడు. "కాదనటం రాదు."

"వాన వంశం వాడన్నా! ఎట్లా కాదంటాను?"

"మాటకి మాట ఇవ్వు. నోరు నీ ఇష్టం. కాళ్ళు మాత్రం కదపకు."

పది మాటలూ దాటిపోయాయి, ఇంక ఆయన నోరు విప్పలేదు.

ఆ రాత్రే మా ఆయనతో రాజీ పడ్డాను. "నీ సాయం కావాలి," అన్నాను.

"పుస్తకం అయిపోయిందిగా?"

"పుస్తకం కాదు. రేపట్నుంచి నన్ను టీ అడుగు."

"రోజూ అడుగుతూనే ఉన్నాగా?"

"అడుగు. నేను లేవను."

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు, ఏనుగుల్ని చూసి బుర్ర గానీ తిరిగిందేమోనని. మర్నాడు నిద్ర లేవగానే, "టీ," అన్నాడు. నా ఒళ్ళంతా లేవబోయింది. మోకాళ్ళు ముందే సగం లేచాయి. చాప అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

"టీ పెట్టేది లేదు, బషి లోంబే. కావాలంటే పొయ్యి అక్కడుంది."

"నిజంగానే?"

"నిజంగానే."

అక్టోబరు నెలంతా అలా గడిచింది. మా లోయలో అక్టోబరంటే ఎండ కాదు, శిక్ష. నది చారికలా మిగిలింది. నీటిగుర్రాలు ఒకదాని మీద ఒకటి పడుకుని రోజంతా గుర్రుమంటున్నాయి. పనివాళ్ళంతా చెమటలు కారుతూ చిరాగ్గా ఉన్నారు. వాళ్ళకు వినోదం నేనే. విషయం క్యాంపంతా పాకిపోయింది. వంటాయన నుంచి డెలియా డ్రైవరు దాకా కనపడ్డ ప్రతివాడూ, "బనా లోంబే, ఒక కప్పు టీ!" అనటమే. "పెదాలకు తడి కావాలంటే నదుంది, పో" అని ఒకడికి, "మీ ఆవిడ చేతులు అరిగిపోయాయా?" అని ఇంకొకడికి. అతిథులతో నడకకు వెళ్ళినప్పుడు బుట్ట మోసేదాన్ని, టీ పోసేదాన్ని, అది నా ఉద్యోగం. మిగతా వేళల్లో ఎవరికీ నీళ్ళు కూడా ఇవ్వలేదు. జైలోసి ఒకరోజు బతిమాలుతున్నట్టు మొహం పెట్టి అడిగాడు, నిజంగానే జ్వరంగా ఉందని. దాదాపు లేచాను. వాడి పెదాల చివర నవ్వు కనపడింది.

"ఈసారి నీకు నిజంగా జ్వరం రావాలని కోరుకుంటా," అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. ఆ తర్వాత నుంచి నడకలో ఏదైనా పిట్ట దగ్గర అనుమానమొస్తే వెనక్కి తిరిగి నా వంక చూడటం మొదలుపెట్టాడు. నేను తలూపితేనే పేరు చెప్పేవాడు.

ఇంట్లో మా ఆయన మొదటి నాలుగు రోజులూ టీ లేకుండానే పనికి పోయాడు. అయిదో రోజు తనే పెట్టుకున్నాడు. అది టీ కాదు, బెల్లప్పాకం. పదో రోజుకు కాస్త కుదిరింది. పన్నెండో రోజు పొద్దున నేను పుస్తకం చూస్తుంటే నా మోకాలి పక్కన ఒక కప్పు పెట్టి, నిచ్చెన భుజాన వేసుకుని పోయాడు. పెళ్ళయి ఇరవయ్యేళ్ళలో నాకు ఎవరైనా టీ పెట్టి ఇవ్వటం అదే తొలిసారి. చక్కెర పళ్ళు జివ్వుమనేట్టు ఉంది. చివరి చుక్క దాకా తాగాను.

నవంబరు రెండో వారం. దక్షిణాన మబ్బులు పొద్దున్నే లేచి మధ్యాహ్నానికి చెదిరిపోతున్నాయి. ముకుపా మళ్ళీ వచ్చాడు, అవే మేజోళ్ళు, అదే పొట్ట, వెంట అతిథులుగా మళ్ళీ ఇద్దరు. ఆ పొద్దున సిముషి లేడు. వానలు పడేలోపు చేను దున్నుకోవాలని ముందురోజే ఊరికి పోయాడు. టీ బుట్ట క్యాంపు చింతచెట్టు కింద మోసేవాడు లేకుండా కూర్చుంది. డెలియా చుట్టూ చూసింది. నా చెయ్యి దానంతటదే బుట్ట వైపు కదిలింది. వెనక్కి లాక్కుని కర్రకు చుట్టేశాను.

"పుట్టగొడుగూ, బుట్ట లేకపోతే వరస లేదు, వరస లేకపోతే పరీక్ష లేదు," అన్నాడు ముకుపా. "ఎత్తుకోరాదూ, ఆడుతూ పాడుతూ రెండు పనులూ చెయ్యొచ్చు."

"వాన లేకుండా ఎన్ని నెలలు గడపలేదు మేం? టీ లేకుండా ఒక పూట గడవదా?" అన్నాను.

వంటపాక కప్పు మీంచి మా ఆయన దిగాడు. చేతులకంటిన గడ్డి ప్యాంటుకి తుడుచుకుని, బుట్ట భుజానికి తగిలించుకుని, వచ్చి వరసలో ఆఖర్న నిలబడ్డాడు. నన్ను చూడలేదు. ముందున్న మనిషి వీపు చూస్తూ నిలబడ్డాడు, అదే పద్ధతని ఎవరో చెప్పినట్టు.

గంటసేపు నడిచాం. నల్లచేవ చెట్ల తోపు దాటగానే దారి ఒక దట్టమైన పొద పక్కనుంచి పోతుంది. పొదకు యాభై అడుగుల ముందు లోపల్నుంచి ఒక చప్పుడు వినపడింది, ఎండుగింజలు గీకినట్టు చిర్రుమని. దున్నల వీపు మీద పురుగులేరుకుని తినే ఎర్రముక్కు పిట్ట అది. కంగారు పడితేనే అలా అరుస్తుంది. చెయ్యెత్తి వరసను ఆపేశాను. గాలి మా వీపుల మీంచి పొదలోకి పోతోంది.

"ఏముంది?" అన్నాడు ముకుపా.

"అడవి దున్నలు. మంద కాదు. పిట్టలు ఒకటో రెండో అరుస్తున్నాయి అంతే. విడిపోయిన ముసలివి. మన వాసన వాటికి అందిపోయింది. వెనక్కి తిరిగి ఇసక మీంచి చుట్టు తిరిగి పోదాం."

"నేను దున్నల్ని చూడ్డానికే ఇంత దూరం వచ్చాను. అతిథిని నేను. పద, కొంచెం ముందుకి."

"కుదరదు."

"పుట్టగొడుగూ, చుట్టానివి కదే. నేనడిగింది కాదంటావా?"

"కాదంటాను."

కబాసో అటు తిరిగి పొదనే చూస్తున్నాడు. ముకుపా గొంతు పెంచాడు. "భయమా? ఏం పర్లేదే. నువ్వు చస్తే గొయ్యి తవ్వేది మేమేగా. నీకు శ్రమ లేదు."

"ఆ పని నీకు ఇవ్వను. వాన వాడివి, గొయ్యి తవ్వి అందులో నీళ్ళు నింపుతావు. కదలండి, ఇటు, ఒకరి వెనక ఒకరు. మాటలొద్దు."

కాళ్ళు మొదట తిప్పింది మా ఆయన. ఆఖర్న ఉన్నవాడు కాబట్టి వెనక్కి తిరగ్గానే ఆయన ముందయ్యాడు. కబాసోని ఆయన ముందుకు పంపి, నేను పొద వైపు మొహం పెట్టి అందరూ దాటేదాకా నిలబడ్డాను. భయపడలేదని చెబితే గొంతు సన్నబడుతుంది.

ఇసక మీద రెండొందల అడుగులు పోయాక వెనక్కి చూశాం. పొదలోంచి రెండు ముసలి దున్నలు బయటికొచ్చి మేం పోవాల్సిన దారి మధ్యలో నిలబడ్డాయి. ఒళ్ళంతా బురద పట్టి, ముక్కులెత్తి, మేం ఎక్కడున్నామా అని గాలి పీలుస్తున్నాయి. ముకుపా దుర్భిణి పెట్టి చాలాసేపు చూశాడు.

టీకి ఒడ్డున అదే చింతచెట్టు కింద ఆగాం. ఈసారి పొద వైపు మొహం పెట్టి, కర్ర పట్టుకుని, ఎడంగా నిలబడ్డాను. వెనక కెటిల్ మూత చప్పుడు, కప్పుల చప్పుడు. ఎవరు ఏది ఎక్కడ పెడుతున్నారో నాకు చూడకుండానే తెలుస్తోంది. ఒక కప్పు తప్పు చోట పెట్టాడు కూడా.

"పుట్టగొడుగూ," అన్నాడు ముకుపా, మెత్తగా, నిజంగా చుట్టం అడిగినట్టు. "పరీక్షయిపోయింది. ఇప్పుడు చుట్టరికంగా అడుగుతున్నా. నీ చేతి టీ అప్పుడు తాగింది ఇంకా నాలిక మీదుంది. ఒక్క కప్పు."

అక్టోబరంతా వంటాయనా, డ్రైవరూ, జైలోసీ అడిగారు గానీ ఇలా ఎవరూ అడగలేదు. మోకాళ్ళు లాగాయి. తల తిప్పలేదు.

"టీ పోసే మనిషి అక్కడున్నాడు, చుట్టమా. నేను పొద చూస్తున్నాను."

ముకుపా నవ్వాడు. పొట్టంతా ఊగేలా, చింతకొమ్మ మీది గువ్వలు లేచిపోయేలా నవ్వాడు. పెన్సిలు కాయితం మీద గరగరమంది.

మా ఆయన అతిథులకిచ్చాడు, కబాసోకిచ్చాడు, ఆఖర్న ఒక కప్పు తెచ్చి నా ఎడంచేతిలో పెట్టాడు. కుడిచేతిలో కర్ర ఉందని చూసుకున్నాడు. పదకొండేళ్ళలో నడకలో నేను టీ తాగటం అదే మొదటిసారి. మోసేవాళ్ళు క్యాంపు చేరాకే తాగాలి. నిలబడి, పొద చూస్తూ, మెల్లగా తాగాను.

వారం తిరక్కుండా నా పేరుతో కాయితం వచ్చింది. అప్పటికి అతిథులు ఎవరూ లేరు. క్యాంపు ఊడబీకే పని మొదలైంది. మా ఆయన వంటపాక కప్పు మీద కూర్చుని గడ్డి పీకి కిందికి విసురుతున్నాడు. ఉత్తరం వైపు ఉరుముతోంది. డెలియా కాయితం నా చేతికిచ్చి నన్ను కావలించుకుంది.

"వచ్చే ఏడు నువ్వు కబాసో వెనక నడుస్తావు. నీ కొలతకి సంచి తెప్పిస్తాను, ఫ్లాస్కుకి అర కుట్టించి."

"నా వరసలో ఫ్లాస్కు ఉండదు. బుట్ట ఉంటుంది," అన్నాను.

"బనా లోంబే, అది తీసేశాం కదా."

"ఫ్లాస్కు నా వీపు మీదుంటే టీ నేనే పొయ్యాలి. టీ పోస్తే వీపు అడవికి పెట్టాలి. దానికే నేను ఒకసారి తప్పాను. ఆఖర్న ఒక మనిషి ఉండాలి. వెనకనుంచి చూసే కళ్ళు లేకపోతే నేను నడిపించను."

డెలియా కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "సరే. మనిషెవరు మరి?"

కప్పు మీంచి గడ్డి పడటం ఆగిపోయింది.

"మే నెలలో కప్పులు నేసేశాక నాకు పనేముంది?" అన్నాడు మా ఆయన పైనుంచి, ఎవరితోనో అన్నట్టు.

డెలియా పైకి చూసి, నన్ను చూసి, పుస్తకంలో ఏదో రాసుకుంటూ వెళ్ళిపోయింది. బుట్ట తడవకుండా లారీలో వేద్దామని తీసుకున్నాను. తొలి చినుకు బుట్ట మూత మీదే పడింది. ముకుపా వంశం, ఎప్పట్లాగే ఆలస్యంగా.

"బషి లోంబే," అన్నాను. "చక్కెర తగ్గించాలి."

"అప్పుడే చెప్పొచ్చుగా, ఆ చెట్టు కింద?"

"అప్పుడు పొద చూస్తున్నాను."

ఆయన పైనుంచి ఒక గడ్డి మోపు సరిగ్గా నా కాళ్ళ ముందు పడేసి, నిచ్చెన దిగాడు.